ముగింపు తెలిసినా కింద పెట్టలేని పుస్తకం: గూఢచారి నవల పట్టు ఎక్కడుంది?

1962 ఆగస్టు 22 సాయంత్రం పారిస్ శివార్లలోని పెతీ క్లామార్ అనే చోట ఫ్రాన్స్ అధ్యక్షుడు షార్ల్ ద గోల్ కారు మీద తుపాకులు పేలాయి. ఫ్రాన్స్ ఏలిన అల్జీరియాను వదులుకున్నాడన్న కక్షతో కొందరు పన్నిన కుట్ర అది. నడిపించినవాడు సైన్యంలో పెద్ద అధికారి. నూటికి పైగా తూటాలు కాల్చారు. కారు టైర్లు పోయాయి, అద్దం పగిలింది. లోపల కూర్చున్న ద గోల్‌కు గానీ, పక్కనే ఉన్న ఆయన భార్యకు గానీ దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత ఆయన మరో ఎనిమిదేళ్లు బతికారు. 1970 నవంబరులో సొంత ఇంట్లో, సహజంగానే కన్నుమూశారు.

ఆ మరుసటి ఏడాది బ్రిటిష్ రచయిత ఫ్రెడరిక్ ఫోర్సిత్ నవల 'ది డే ఆఫ్ ది జాకాల్' వచ్చింది. పెతీ క్లామార్‌లో గురి తప్పాక, ద గోల్‌ను ఎలాగైనా చంపాలన్న పట్టుదలతో కుట్రదారులు ఒక ఇంగ్లిష్ కిరాయి హంతకుణ్ని మాట్లాడుకుంటారు. అతను పని మొదలుపెడతాడు. అంతే కథ. ఫోర్సిత్ అంతకుముందు రాయిటర్స్ విలేకరిగా పారిస్‌లో పనిచేశారు. 35 రోజుల్లో ఈ నవల రాశారు. ప్రచురణకర్తలు మాత్రం ఒకరి తర్వాత ఒకరు వెనక్కి పంపారు. ద గోల్‌ను ఎవరూ చంపలేదని ఊరూవాడా తెలుసు, హంతకుడు ఓడిపోతాడని మొదటి పేజీకే తెలిసిపోతే చదివేవాడికి ఇంక టెన్షన్ ఏముంటుంది అన్నది వాళ్ల అనుమానం.

పైకి చూస్తే సబబైన అనుమానమే. కానీ పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని పట్టుకున్నవాళ్లు తెల్లారేదాకా వదలడం లేదు. ముగింపు ముందే తెలిసిన కథలో గుండె ఎందుకు కొట్టుకుంటుంది? దీనికి జవాబు దొరికితే గూఢచారి నవలలూ సస్పెన్స్ థ్రిల్లర్లూ మనిషిని ఎక్కడ పట్టుకుంటాయో తెలుస్తుంది.

నిజానికి తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించకూడదు. కృష్ణరాయబారం విఫలమవుతుందని తెలియని ప్రేక్షకుడు తెలుగునాట ఎప్పుడైనా ఉన్నాడా? అయినా కృష్ణుడు కౌరవ సభలోకి అడుగుపెట్టగానే చాప మీద కూర్చున్నవాళ్లు సర్దుకుని ముందుకు జరిగేవాళ్లు. రాత్రంతా తోలుబొమ్మలాట చూసినవాళ్లకు హనుమంతుడు లంక దాటి తిరిగొస్తాడని తెలుసు. తోకకు నిప్పంటించేటప్పుడు మాత్రం పిల్లలతో పాటు పెద్దలూ ఊపిరి బిగబట్టేవాళ్లు. కాబట్టి తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం ఒక్కటే సస్పెన్స్ అనుకుంటే లెక్క తప్పుతుంది.

మన భాషలో దీనికున్న మాట 'ఉత్కంఠ'. కంఠం అంటే మెడ. ఉత్కంఠ అంటే మెడ పైకెత్తడం. జనంలో వెనక నిలబడినవాడు రథం వస్తోందా అని మునివేళ్ల మీద లేచి చూస్తాడే, ఆ భంగిమ అది. రథం వస్తుందని వాడికి తెలుసు. తెలుసు కాబట్టే మెడ ఎత్తాడు. ఏమీ తెలియనివాడికి ఉత్కంఠ ఉండదు, వాడికి మిగిలేది ఉలికిపాటు మాత్రమే.

ఈ తేడాను సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ఉదాహరణతో చెప్పేవారు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. చూసేవాడికి 15 సెకన్ల ఉలికిపాటు దక్కింది. అదే దృశ్యంలో బాంబు పెట్టడం ముందే చూపించి, గోడ గడియారం కూడా చూపిస్తే, అవే పనికిమాలిన కబుర్లు 15 నిమిషాల ఉత్కంఠ అయిపోతాయి. ఆ మాటలు కట్టిపెట్టి లేవండర్రా అని లోపల్నుంచి అరవాలనిపిస్తుంది. ఇక్కడ మారింది కథ కాదు, కథలో ఎవరికి ఏం తెలుసన్నది. ప్రేక్షకుడికి తెలిసింది, బల్ల దగ్గరున్నవాళ్లకు తెలియదు. ఆ ఎడంలోనే ఉత్కంఠ పుడుతుంది.

ఇది హిచ్‌కాక్ కనిపెట్టిన విద్యేమీ కాదు. విశాఖదత్తుడి సంస్కృత నాటకం 'ముద్రారాక్షసం' చూడండి. చాణక్యుడి వేగు ఒకడు, నిపుణకుడు అతని పేరు, యముడి బొమ్మలున్న పటం పట్టుకుని పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతుంటాడు. వర్తకుడు చందనదాసు ఇంట్లోకి వెళ్లి పటం పరిచి పాట ఎత్తుకుంటాడు. లోపలి గదిలోంచి అయిదేళ్ల పిల్లవాడు ఆ బొమ్మలు చూద్దామని బయటికి పరిగెత్తుకొస్తాడు. అయ్యో బయటికి పోయాడు అని లోపల ఆడవాళ్ల కలవరం. తలుపు చాటు నుంచి ఒక స్త్రీ ముఖం కొద్దిగా బయటపెట్టి, చెయ్యి చాచి పిల్లవాణ్ని లోపలికి లాక్కుంటుంది. ఆ తొందరలో వేలి ఉంగరం జారి, గడప దగ్గర పడి, దొర్లుకుంటూ వచ్చి వేగు కాళ్ల దగ్గర ఆగుతుంది. అది మగవాడి వేలి కొలతకు చేసిన ఉంగరం, ఆమెకు వదులు. ఆ మగవాడు చాణక్యుడి శత్రువు, రాక్షసుడనే పేరున్న మంత్రి; ఆ స్త్రీ అతని భార్య. రాక్షసుడి ముద్ర చాణక్యుడి చేతికి చిక్కింది.

ఇదంతా మొదటి అంకంలోనే తెలిసిపోతుంది. ఇక నాటకమంతా రాక్షసుడు ఎత్తుగడలు వేస్తూనే ఉంటాడు, తన ముద్రతో తన పేరు మీదే ఉత్తరం తయారైందని తెలియకుండా. ప్రేక్షకుడికి తెలుసు, రాక్షసుడికి తెలియదు. బల్ల కింద బాంబు అంటే ఇదే. పిల్లవాడి కుతూహలం, వదులైన ఉంగరం, గడప. ఇంత చిన్న వస్తువుల మీద ఒక రాజ్యం తలకిందులు కావడం చూస్తుంటే ఈనాటి స్పై నవలాకారులు ఎవరి దారిలో నడుస్తున్నారో అర్థమవుతుంది.

ఉంగరం మాట వచ్చింది కాబట్టి సుందరకాండ దగ్గర కాసేపు ఆగాలి. దాన్ని భక్తితో పారాయణ చేసేవాళ్లే ఎక్కువ. కానీ కథగా చూస్తే అది శత్రు రాజధానిలోకి ఒంటరిగా వెళ్లిన దూత కథ. వాల్మీకి అందులో వేగువాడి కష్టాన్ని ఎంత దగ్గర్నుంచి చూపించాడో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హనుమంతుడు శింశుపా వృక్షం ఆకుల మధ్య నక్కి ఉన్నాడు. కింద సీత. చుట్టూ రాక్షస స్త్రీలు. రావణుడు వచ్చి బెదిరించి, రెండు నెలలు గడువు పెట్టి వెళ్లిపోయాడు. సీత తన జడతోనే ఉరి పోసుకుందామన్న స్థితికి వచ్చింది. ఇప్పుడు చెట్టు మీదివాడు ఏం చెయ్యాలి?

ఇక్కడ వాల్మీకి హనుమంతుణ్ని వెంటనే దూకించడు. ఆలోచనలో పెడతాడు. మాట్లాడకుండా వెళ్లిపోతే ఆమె తెల్లారేలోగా ప్రాణం తీసుకోవచ్చు. పోనీ మాట్లాడదామంటే ఏ భాషలో? పండితుడిలా సంస్కృతంలో పలకరిస్తే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని భయపడుతుంది. భయపడి కేక వేస్తే కాపలా వాళ్లు ఆయుధాలతో చుట్టుముడతారు. పోరాటంలో తాను చిక్కినా, అలసి సముద్రం దాటలేకపోయినా ఇక్కడి వార్త రాముడికి చేర్చేవాడే ఉండడు. అందుకని మామూలు మనుషులు మాట్లాడే భాష ఎంచుకుని, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా రాముడి కథ మొదలుపెడతాడు.

అయినా సీత నమ్మదు. అలా వెంటనే నమ్మకపోవడంలోనే ఆమె తెలివి ఉంది. రాముడి ఆనవాళ్లు చెప్పమంటుంది. ఒక్కొక్కటీ చెప్పాక, ఉంగరం చేతిలో పెట్టాక ఆమె మనసు కుదుటపడుతుంది. తిరుగు ఆనవాలుగా చూడామణి ఇస్తుంది. దానితో పాటు తనకూ రాముడికీ తప్ప ఇంకెవరికీ తెలియని కాకి సంగతి ఒకటి చెప్పి పంపుతుంది. వస్తువునైతే ఎవరైనా దొంగిలించవచ్చు. ఇద్దరి మధ్యే మిగిలిన జ్ఞాపకాన్ని దొంగిలించలేరు. వేగులవాళ్ల విద్యలో సంకేత పదం అనేది పుట్టింది ఈ ఇంగితం నుంచే.

మంచి గూఢచారి నవల ఏదైనా తిరిగి తిరిగి ఈ చెట్టు కిందికే వస్తుంది. ఎదురుగా ఉన్నవాడు చెప్పుకుంటున్నవాడేనా? నమ్మితే ప్రమాదం, నమ్మకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. ఇంగ్లిష్ స్పై నవల ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీ భయంతో ఊపందుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో రాటుదేలి, బెర్లిన్ గోడ నీడలో పరాకాష్టకు చేరింది. దేశాలు మారాయి, ఆయుధాలు మారాయి. ఈ ప్రశ్న మారలేదు.

ఫోర్సిత్ నవల దగ్గరికి మళ్లీ వెళ్దాం. అందులో పాఠకుణ్ని కట్టిపడేసేది కాల్పులు కాదు, అవి పుస్తకంలో చాలా తక్కువ. పట్టు అంతా హంతకుడి పనితనంలో ఉంది. దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదిస్తాడో చూడండి. ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి పక్క శ్మశానాలు తిరుగుతాడు. తన వయసుకు దగ్గరగా పుట్టి, రెండేళ్లకో మూడేళ్లకో చనిపోయిన మగపిల్లవాడి సమాధి కోసం రాళ్ల మీది పేర్లు చదువుతూ వెళ్తాడు. ఒకటి దొరుకుతుంది. మర్యాదగా పాదరీని పలకరించి, చర్చి రిజిస్టర్‌లో తల్లిదండ్రుల వివరాలు చూస్తాడు. తర్వాత లండన్ వెళ్లి ఆ పిల్లవాడి పేరు మీద బర్త్ సర్టిఫికెట్ తీసుకుంటాడు. దానితో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడతాడు. ప్రభుత్వమే అచ్చు వేసిన, ముద్ర వేసిన అసలైన పాస్‌పోర్టు చేతికొస్తుంది. అందులో అబద్ధం మనిషి ఒక్కడే. జనన రికార్డులనూ మరణ రికార్డులనూ ఎవరూ కలిపి చూడకపోవడం అనే చిన్న సందులోంచి అతను దూరాడు. ఆ సందు నవలాకారుడి కల్పన కాదు, నిజంగా ఉండేది. అందుకే ఆ తరహా మోసానికి ఈ నవల పేరే స్థిరపడింది.

కంసాలి నగకు మాటు పెడుతుంటే, మెకానిక్ ఇంజన్ విప్పుతుంటే పక్కన నిలబడి చూడటం మనకు ఇష్టం. మన పని కాకపోయినా, ఒక చెయ్యి తన విద్యను తడబాటు లేకుండా చేస్తుంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. గూఢచారి నవల ఆ ఇష్టాన్ని వాడుకుంటుంది. అందులో ఒక మెలిక ఉంది. చేసేది హత్యాప్రయత్నం అయినా సరే, పనిలో అడ్డం వచ్చినప్పుడు చదివేవాడు హంతకుడి తరఫున కంగారుపడతాడు. మరుసటి అధ్యాయంలో ఫ్రెంచి పోలీసు కమిషనర్ ల్బెల్ ఒక్కో ఆచూకీ పట్టుకుంటూ దగ్గరికి వస్తుంటే అతని గెలుపు కోరుకుంటాడు. ఒకే పాఠకుడు రెండు పక్షాలా కూర్చుంటాడు, ఎందుకంటే ఇద్దరి సమాచారమూ అతని దగ్గరే ఉంది. హంతకుడి కారు రంగు మారిందని ల్బెల్‌కు తెలియదు, తన మారుపేరు బయటపడిందని హంతకుడికి తెలియదు. రెండూ తెలిసినవాడు పుస్తకం ఎలా మూస్తాడు?

ద గోల్ చనిపోలేదన్న సంగతి చివరి పేజీల్లోనూ అడ్డం రాదు. చనిపోలేదు సరే, ఎలా తప్పింది? ఫోర్సిత్ ఇచ్చిన సమాధానం చాలా చిన్నది. ఒక మాజీ సైనికుడికి పతకం తగిలించాక ద గోల్ ముందుకు వంగి, ఫ్రెంచివాళ్ల అలవాటు ప్రకారం, ఎదుటి మనిషి చెంపను ముద్దుపెట్టుకుంటారు. సరిగ్గా ఆ క్షణంలో తూటా తల వెనక నుంచి పోతుంది. అన్నీ లెక్క వేసుకున్న ఇంగ్లిష్ హంతకుడి లెక్కలో తనకు అలవాటు లేని ఈ మర్యాద లేదు. ఏమవుతుందన్నది పాఠకులకు తెలుసు. ఎలా అవుతుందన్నది రచయిత దాచుకున్నాడు.

గూఢచారి నవలకు ఇంకో ముఖం ఉంది. అందులో పరుగులూ ఉండవు, తుపాకులూ దాదాపు ఉండవు. బ్రిటిష్ గూఢచార సంస్థల్లో స్వయంగా పనిచేసిన జాన్ లె కారే ఆ దారిని తీర్చిదిద్దారు. 1963లో వచ్చిన ఆయన 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' నవలలో ఏజెంటుకు తన పథకం పూర్తిగా తెలుసనే నమ్మకం ఉంటుంది. అసలు పథకాన్ని శత్రువుతో పాటు అతని దగ్గరా దాచింది సొంత ఆఫీసే. అప్పటిదాకా ఎవరికి ఏం తెలుసన్న ఎడం నాయకుడికీ శత్రువుకీ మధ్య ఉండేది. లె కారే దాన్ని తీసుకొచ్చి నాయకుడికీ అతణ్ని పంపినవాళ్లకూ మధ్య పెట్టారు. చదివేవాడు కూడా ఏజెంటుతో పాటే మోసపోతాడు. పుస్తకం పూర్తయ్యాక గెలిచామన్న సంతోషం రాదు, ఒంట్లో చలి మిగులుతుంది.

ఈ చలి ఊహలోంచి పుట్టింది కాదు. అదే 1963 జనవరిలో బ్రిటిష్ గూఢచార సంస్థలో ఒకప్పుడు సోవియట్ వ్యతిరేక విభాగానికే పెద్దగా ఉన్న కిమ్ ఫిల్బీ బేరూత్ నుంచి మాయమై మాస్కోలో తేలాడు. దశాబ్దాలుగా అతను సోవియట్ మనిషే. ఫిల్బీ పుట్టింది మన దేశంలోనే, 1912లో అంబాలాలో. కిప్లింగ్ నవలలో బాల వేగు పేరు కిమ్, ముద్దుపేరుగా అదే పెట్టారు. 1951లో అతని స్నేహితులు ఇద్దరు మాస్కో పారిపోయినప్పుడే అనుమానం వచ్చింది. 1955లో పార్లమెంటులో మంత్రి లేచి ఇతని మీద ఆధారాలు లేవని చెప్పాడు. ఆ వెంటనే ఫిల్బీ తల్లి ఫ్లాట్‌లో విలేకరులను కూర్చోబెట్టి, కెమెరా ముందు చిరునవ్వుతో సమాధానాలు చెప్పాడు. కమ్యూనిస్టు అని తెలిసి ఒక కమ్యూనిస్టుతో చివరిసారి మాట్లాడింది 1934లో ఎప్పుడో అన్నాడు. ఆ ఫిల్మ్ ఇప్పటికీ ఉంది. అందులో ముఖం మీద గీత కదలదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటాం. ఈ సామెతే లె కారే 1974 నవల 'టింకర్ టేలర్ సోల్జర్ స్పై'కి కథావస్తువు. సంస్థ పైమెట్టు మీద ఉన్న నలుగురైదుగురిలో ఒకడు శత్రువు మనిషి. వాణ్ని పట్టుకోవడానికి ఉద్యోగం పోయిన పెద్దమనిషి స్మైలీ హోటల్ గదిలో రాత్రుళ్లు పాత ఫైళ్లు చదువుతాడు. ఎవరు ఎప్పుడు డ్యూటీలో ఉన్నారు, ఆ రాత్రి టెలిఫోన్ ఎవరెత్తారు, రిజిస్టర్‌లో ఏ పేజీ లేదు. చిరిగిన పేజీ ఒకటి దొరికితే తుపాకీ పేలినంత పని అవుతుంది. ఫైళ్లు చదివే మనిషిని చూపించి ఊపిరి ఆపగలగడం ఎంత గొప్ప విద్యో, ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ రకం నవల మనల్ని ఎందుకింతగా తాకుతుందంటే, దానికి సరిపడే అనుభవం అందరి దగ్గరా ఉంది. మనలో ఎవరూ సరిహద్దు దాటి రహస్యాలు మోయలేదు. కానీ పెళ్లి సంబంధం కుదిరే ముందు వాకబు చేయని ఇల్లు ఉందా? అబ్బాయి వాళ్ల పక్కింట్లో ఎవరో బంధువున్నారని తెలుసుకోవడం, ఏదో పని మీద వచ్చినట్టు వెళ్లడం, కాఫీ తాగుతూ మాట కలపడం, అసలు ప్రశ్నను అయిదో మాటగా అడగడం. తిరిగొచ్చి ఇంట్లో చెప్పేటప్పుడు "ఆవిడ ఒక్క క్షణం ఆగి చెప్పింది" అన్న చిన్న సంగతికి ఎంత విలువ! ఆఫీసులో ట్రాన్స్‌ఫర్ల లిస్టు ముందే తెలిసినవాడు తెలియనట్టు ముఖం పెట్టుకుని తిరగడం, డాక్టరు చెప్పిన సంగతి నాన్న దగ్గర దాచి నవ్వుతూ మాట్లాడటం, ఇవన్నీ ఎవరికి ఏం తెలియాలన్న లెక్కలే. ఇంట్లో చెమట పట్టకుండా రోజూ చేసే పనిని, ప్రాణాలు పణంగా పెట్టిన చోట చూస్తే ఎలా ఉంటుందో గూఢచారి నవల చూపిస్తుంది.

తెలుగులో ఈ సాహిత్యానికి ఒక స్వర్ణకాలం ఉండేది. అపరాధ పరిశోధక నవల అని గంభీరమైన పేరు, డిటెక్టివ్ పుస్తకాలని వాడుక పేరు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఇంటింటికీ తెలిసిన మనుషులు. మధుబాబు 'షాడో' నవలలు అచ్చంగా గూఢచారి నవలలే, ఇప్పటికీ వాటి కోసం వెతికేవాళ్లున్నారు. 1966లో కృష్ణ 'గూఢచారి 116'తో వెండితెర మీదికీ స్పై వచ్చాడు. బస్టాండు పక్క అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి తెచ్చుకోవడం, క్లాసు పుస్తకం మధ్యలో పెట్టి చదవడం, సరిగ్గా చివరి పేజీ చిరిగిపోయి ఉందని రాత్రి పదకొండింటికి కనిపెట్టడం ఒక తరానికంతటికీ ఉన్న జ్ఞాపకం. వారపత్రిక సీరియల్ సరైన చోట 'సశేషం' అని ఆగితే, ఆ వారం రోజులూ కథ చదివేవాడి బుర్రలో నడిచేది. ఎంతోమందికి తెలుగు గబగబా చదవడం అలవాటు చేసింది ఈ పుస్తకాలే. వాటిని చిన్నచూపు చూసిన విమర్శకులు ఈ మేలును ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు.

అయితే మన గూఢచారి నవలలో సాహసం ఎక్కువ, అనుమానం తక్కువ. నాయకుడికి శత్రువు ఎదురుగానే ఉంటాడు. సొంత ఆఫీసులో సంతకం పెట్టినవాడు ఎవరు, ఎందుకు పెట్టాడన్న కథ తెలుగులో ఇంకా బలంగా రావలసి ఉంది. సామగ్రికి కొదవ లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో జరిపిన ఆపరేషన్‌లో గూఢచర్యం ఆరోపణ మీద ఏడుగురు నౌకాదళ సిబ్బంది అరెస్టయ్యారు. సోషల్ మీడియాలో ఆడవాళ్ల పేర్లతో పరిచయం చేసుకుని వల వేశారన్నది కేసు. డాల్ఫిన్స్ నోస్ అంటే విశాఖ తీరంలో అందరూ చూసే కొండే. ఇంటికి దూరంగా ఉన్న కుర్రవాడికి రాత్రిపూట ఫోన్‌లో వచ్చే ఒక ఫ్రెండ్ రిక్వెస్ట్ దగ్గర మొదలయ్యే కథ. సెల్‌ఫోన్ వచ్చాక సస్పెన్స్ చచ్చిపోయిందని, ఒక్క కాల్ చేస్తే కథ అయిపోతుందని అనేవాళ్లున్నారు. వార్త చేరడం సులువైంది గానీ వార్త పంపినవాడు ఎవరన్నది మునుపటికన్నా కష్టమైంది. సీత అడిగిన ఆనవాళ్లు ఇప్పుడు అందరూ అడగాలి.

నవలకూ నిజానికీ మధ్య గోడ ఎంత పలచనో తెలిపే సంగతి ఒకటి చెప్పాలి. 1939లో బ్రిటిష్ నౌకాదళ నిఘా విభాగం శత్రువును బోల్తా కొట్టించే ఉపాయాలతో ఒక జాబితా తయారుచేసింది. ఆ విభాగాధిపతి దగ్గర సహాయకుడిగా ఉన్న ఇయాన్ ఫ్లెమింగ్, అంటే తర్వాత జేమ్స్ బాండ్‌ను సృష్టించిన రచయితకు అందులో చెయ్యి ఉందంటారు. ఒక ఉపాయం ఒక డిటెక్టివ్ నవలలోంచి తీసుకున్నది: శవం జేబులో అబద్ధపు కాగితాలు పెట్టి శత్రువుకు దొరికేలా చెయ్యడం. 1943లో దాన్ని నిజంగానే అమలు చేశారు. మిత్రసేనలు సిసిలీ మీద దిగబోతున్నాయి. గ్రీసు మీద దిగుతాయని జర్మనీని నమ్మించాలి. ఏప్రిల్ 30 తెల్లవారుజామున ఒక జలాంతర్గామి స్పెయిన్‌లోని వెల్వా తీరం దగ్గర ఒక శవాన్ని నీళ్లలో వదిలింది. మెరైన్ అధికారి దుస్తులు. పేరు మేజర్ విలియం మార్టిన్. అలాంటి మనిషి ఎన్నడూ లేడు.

జర్మన్లకు కావలసిన రహస్య ఉత్తరం చేతిపెట్టెలో ఉంది. కానీ ఆ ఉత్తరాన్ని నమ్మించింది జేబులోని చెత్త. థియేటర్ టికెట్ల చించిన ముక్కలు. నిశ్చితార్థపు ఉంగరం కొన్న బిల్లు. ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడేశావని బ్యాంకు మేనేజర్ రాసిన ఉత్తరం. ప్రేమించిన అమ్మాయి ఫొటో, ఆమె రాసిన ఉత్తరాలు. ఆ ఉత్తరాలు చాలాసార్లు విప్పి చదివినట్టు మడతల దగ్గర నలగాలి గదా, అందుకని మళ్లీ మళ్లీ మడిచి, విప్పి పాతబరిచారు. ఫొటోలో ఉన్నది ఎంఐ5 అనే బ్రిటిష్ నిఘా సంస్థలో పనిచేసే గుమాస్తా. నవల రాసేవాడు పాత్రను ఎలా కడతాడో, ఆ అధికారులు మేజర్ మార్టిన్‌ను అలాగే కట్టారు. జర్మన్ అధికారి ఆ కాగితాలను మంచి పాఠకుడు నవల చదివినట్టే చదివాడు. అప్పు చేసి ఉంగరం కొన్నవాడు అబద్ధం ఎలా అవుతాడు? జులై 10న మిత్రసేనలు సిసిలీలో దిగేసరికి జర్మన్ బలగాలు కొన్ని గ్రీసు వైపు కదిలిపోయి ఉన్నాయి.

బ్రిటన్‌కు తెలుసు, జర్మనీకి తెలియదు. ఇంతకీ ఆ శవం ఎవరిది? 1996 దాకా లోకానికి తెలియదు. గ్లిండ్వర్ మైకేల్ అనే వేల్స్ మనిషి. ఇల్లూ వాకిలీ లేక లండన్ వీధుల్లో తిరిగి, 1943 జనవరిలో ఎలుకల మందు తిని పోయాడు. వెల్వా శ్మశానంలో సైనిక మర్యాదలతో పూడ్చిన ఆ సమాధి మీద విలియం మార్టిన్ పేరే ఉండేది. 1998లో అదే రాయి మీద కింద ఇంకో వాక్యం చెక్కించారు: గ్లిండ్వర్ మైకేల్, మేజర్ విలియం మార్టిన్‌గా సేవచేశాడని.